ఒకే మోతాదు... ఒకసారి క్షేమం, మరోసారి ప్రాణాంతకం

మన పడమటి కర్నూలులో బుడ్డలు లేని వంటిల్లు ఉంటుందా? ఆదోని మార్కెట్ యార్డులో పత్తితో పాటు బుడ్డల బస్తాలూ దిగుతాయి. ఎమ్మిగనూరులో పొద్దున ఇడ్లీలోకి బుడ్డల చట్నీ, మధ్యాహ్నం జొన్నరొట్టెలోకి బుడ్డల పొడి, సాయంత్రం పిల్లల చేతిలో చిక్కీ. వేరుశనగ అన్నా, పల్లీ అన్నా, శెనక్కాయ అన్నా మన దగ్గర అది రోజూ తినే తిండి.

అలాంటి ఊళ్లో ఒక బిడ్డకు బుడ్డలు పడవని తెలిస్తే ఇల్లంతా కంగారు పడుతుంది. చిక్కీ ముక్క తిన్న పది నిమిషాలకే పెదాలు ఉబ్బుతాయి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. అప్పుడు ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. జన్మలో మళ్లీ ముట్టించొద్దని ఒకరంటారు. కొంచెం కొంచెం పెడుతూ పోతే ఒంటికి అదే అలవాటవుతుందిలే అని ఇంకొకరు, చాలాసార్లు అవ్వ, అంటారు. మీరైతే ఎవరి మాట వింటారు?

అవ్వ చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగం నిజం మీదే ఇవాళ ఇమ్యునోథెరపీ అనే చికిత్స నడుస్తోంది. కానీ మిగతా సగం తెలియకుండా ఇంట్లో మొదలుపెడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆ రెండో సగాన్ని ప్రపంచానికి మొదట చూపించినవాడు ఫ్రాన్స్ దేశపు వైద్యుడు చార్లెస్ రిషే. 1913లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన కథ తెలిస్తే మీ బిడ్డకు ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో, ఎందుకో బాగా అర్థమవుతుంది.

డాక్టర్ల ఇంట పుట్టిన డాక్టర్

రిషే 1850 ఆగస్టులో పారిస్‌లో పుట్టాడు. తండ్రి ఆల్ఫ్రెడ్ రిషే అక్కడి మెడికల్ కాలేజీలో సర్జరీ ప్రొఫెసర్. కొడుకూ వైద్యమే చదివాడు కానీ కత్తి పట్టుకోవడం కన్నా శరీరం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మీదే ఆయనకు మక్కువ. అందుకే ఫిజియాలజీ వైపు వెళ్లాడు. 1878లో జీర్ణరసం మీద చేసిన పరిశోధనకు సైన్స్‌లో డాక్టరేట్ వచ్చింది. 1887లో పారిస్‌లోనే ఫిజియాలజీ ప్రొఫెసర్ అయ్యాడు. చెమట పట్టని కుక్క వేసవిలో ఒంటి వేడిని ఎలా తగ్గించుకుంటుందన్నది కూడా ఆయన శ్రద్ధగా చూసిన విషయాల్లో ఒకటి. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి చెమట పట్టడంతో సమానమని వివరించాడు.

ఒక్క పనితో సరిపెట్టుకునే మనిషి కాదు. కవితలు రాశాడు, నాటకాలు రాశాడు, యుద్ధాలు వద్దంటూ శాంతి సంఘాల్లో తిరిగాడు. లూయీ బ్రెగే అనే ఇంజినీరుతో కలిసి 1907లో గైరోప్లేన్ తయారు చేయించాడు. నేటి హెలికాప్టర్‌కు పూర్వీకుల్లో అదొకటి. మనిషిని ఎక్కించుకుని నేల మీద నుంచి కొద్దిగా లేచింది, కానీ పక్కకు పడిపోకుండా కింద మనుషులు పట్టుకోవాల్సి వచ్చింది.

పాము మందుకూ ఆయనకూ చుట్టరికం

నోబెల్ తెచ్చిన పరిశోధనకు చాలా ముందే రిషే మరో ముఖ్యమైన పని చేశాడు. ఒక జబ్బును తట్టుకున్న జంతువు రక్తాన్ని ఇంకో జంతువుకు ఎక్కిస్తే ఆ రక్షణ కూడా దానితోపాటు వెళ్తుందని 1888లో ఎరికూర్ అనే సహచరుడితో కలిసి చూపించాడు. 1890 డిసెంబరు 6న తొలిసారిగా ఒక మనిషికి అలాంటి సీరమ్ ఇంజెక్షన్ ఇచ్చాడు. క్షయ నయమవుతుందని ఆయన ఆశ. అది నెరవేరలేదు. అదే నెలలో జర్మనీలో బేరింగ్, కితసాతో కలిసి ధనుర్వాతం, డిఫ్తీరియాలకు సీరమ్ పనిచేస్తుందని ప్రకటించారు. వైద్యంలో మొట్టమొదటి నోబెల్ 1901లో బేరింగ్‌కు వెళ్లింది.

మన ఊళ్లలో చేనికి వెళ్లిన మనిషిని పాము కరిస్తే ఆసుపత్రిలో ఎక్కించే యాంటీ వెనమ్ ఈ కోవకు చెందినదే. గుర్రాలకు పాము విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తంలో తయారైన రక్షణను వేరు చేసి మనకు ఇస్తారు. ఆ మందు ఎక్కించేటప్పుడు డాక్టర్లు, నర్సులు పక్కనే అడ్రినలిన్ ఇంజెక్షన్ సిద్ధంగా పెట్టుకుని కూర్చోవడం మీరు గమనించే ఉంటారు. గుర్రం నుంచి వచ్చిన ప్రొటీన్‌ను కొందరి ఒళ్లు శత్రువుగా చూసి ఒక్కసారిగా తిరగబడుతుంది. ఆ తిరుగుబాటు పేరు అనాఫిలాక్సిస్. ఆ పేరు పెట్టింది కూడా రిషేనే.

సముద్రం మీద మొదలైన ప్రశ్న

1901లో మొనాకో యువరాజు మొదటి ఆల్బర్ట్ తన పరిశోధన నౌక మీద సముద్రయానానికి బయలుదేరాడు. ఆయనకు సముద్ర శాస్త్రమంటే ప్రాణం. రిషేనూ, పాల్ పోర్టియర్ అనే యువ శాస్త్రవేత్తనూ వెంట తీసుకెళ్లాడు. జెల్లీచేపలా కనిపించే ఫైసాలియా అనే జీవి తగిలితే మనిషికి భరించలేని నొప్పి పుడుతుంది. దాని తీగల్లో ఉన్న విషం సంగతి తేల్చమని యువరాజు వాళ్లకు సూచించాడు. నౌక మీదే ప్రయోగాలు మొదలయ్యాయి.

తిరిగి ఫ్రాన్స్ చేరాక ఫైసాలియా దొరకలేదు. దాని బదులు అక్కడి తీరంలో దండిగా దొరికే సీ అనిమోన్‌ను తీసుకున్నారు. పువ్వులా కనిపిస్తూ తీగలతో కుట్టే జీవి అది. ఆ తీగల సారాన్ని గ్లిజరిన్‌లో తీసి, ఎంత ఇస్తే కుక్క చనిపోతుంది, ఎంత ఇస్తే తట్టుకుంటుంది అని కొలవడం మొదలుపెట్టారు. తట్టుకున్న కుక్కలను కొన్ని వారాలు విశ్రాంతిగా ఉంచి మళ్లీ ప్రయోగానికి తీసుకునేవారు.

అది పాశ్చర్ టీకాల గురించి ఊరూరా చెప్పుకుంటున్న కాలం. ఒకసారి తట్టుకున్న ఒంటికి రెండోసారి బలం పెరుగుతుందనే అందరి నమ్మకం. మన అవ్వ నమ్మకం కూడా అదే కదా.

నెప్ట్యూన్ మరణం

ఆ కుక్కల్లో నెప్ట్యూన్ అనేది బలంగా, ఆరోగ్యంగా ఉండేది. దానికి తక్కువ మోతాదులో విషం ఎక్కించారు. ఏమీ కాలేదు. 22 రోజుల తర్వాత కూడా హుషారుగానే ఉంది. అప్పుడు అదే మోతాదు మళ్లీ ఇచ్చారు. మోతాదు పెంచలేదు, మందు మార్చలేదు. కొన్ని సెకన్లలోనే కుక్కకు ఊపిరి ఆడలేదు. నిలబడలేక పక్కకు పడిపోయింది. విరేచనాలయ్యాయి, రక్తం కక్కుకుంది. 25 నిమిషాల్లో ప్రాణం పోయింది.

మొదటి మోతాదు దాన్ని బలపరచలేదు, పైగా లోపల ఒక మందుపాతర పెట్టి వెళ్లింది. రెండోది దానికి నిప్పు పెట్టింది. రిషే, పోర్టియర్ ఇతర కుక్కల్లోనూ ఇదే చూశారు. రెండు డోసుల మధ్య రెండు మూడు వారాల వ్యవధి ఉండాలి, అప్పుడే ఇలా జరుగుతుందని గుర్తించారు. 1902 ఫిబ్రవరి 15న పారిస్‌లోని బయాలజీ సొసైటీ ముందు ఈ సంగతి వెల్లడించారు. గ్రీకులో ఫిలాక్సిస్ అంటే రక్షణ. దానికి వ్యతిరేకం అనే అర్థం వచ్చేలా అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టారు.

ఈ స్థితికి కారణమైనది రక్తంలోనే ఉందని, ఒక జంతువు సీరమ్‌ను ఇంకోదానికి ఎక్కిస్తే ఆ ప్రమాదం కూడా దానికి సంక్రమిస్తుందని రిషే 1907లో నిరూపించాడు. ఇంజెక్షన్‌తోనే కాదు, తిన్న పదార్థంతోనూ ఇలా జరగవచ్చా అనే ప్రశ్న కూడా ఆయన పరిశీలనకు వచ్చింది. 1906లో వియన్నా పిల్లల డాక్టర్ పిర్కే అలర్జీ అనే మాటను తెచ్చాడు. 1913లో వైద్యశాస్త్ర నోబెల్ రిషే ఒక్కడికే ఇచ్చారు.

లోపల ఏం జరుగుతుంది?

రిషే బతికుండగా తేలని గుట్టు 1966, 67ల్లో బయటపడింది. అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు ఇషిజాకాలు, స్వీడన్‌లో జొహాన్సన్, బెన్నిచ్ వేర్వేరుగా ఐజీఈ అనే యాంటీబాడీని కనుక్కున్నారు. మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

ఒంట్లోకి వచ్చిన ఒక ప్రొటీన్‌ను, అది బుడ్డలది కావచ్చు, గుడ్డుది కావచ్చు, రొయ్యది కావచ్చు, శరీరం పొరపాటున శత్రువని అనుకుంటుంది. దాన్ని పట్టుకునే ఐజీఈలను తయారుచేస్తుంది. అవి వెళ్లి చర్మంలో, శ్వాసనాళాల్లో, పేగుల్లో ఉండే మాస్ట్ కణాల మీద కాపలాదారుల్లా కూర్చుంటాయి. ఇదంతా నిశ్శబ్దంగా జరుగుతుంది, మనకు ఏ లక్షణమూ కనపడదు. మళ్లీ ఆ ప్రొటీన్ వచ్చినప్పుడు మాస్ట్ కణాలు పగిలినట్టుగా హిస్టమిన్, ఇంకా చాలా రసాయనాలను గుమ్మరిస్తాయి. దద్దుర్లు, వాపు, పిల్లికూతలు, వాంతులు వస్తాయి. రక్తనాళాలు ఒక్కసారిగా వదులై బీపీ పడిపోతుంది.

కాబట్టి మొన్న తిన్నప్పుడు ఏమీ కాలేదు కదా అనే ధీమా పనికిరాదు. నెప్ట్యూన్‌కూ మొదటిసారి ఏమీ కాలేదు.

గొప్ప శాస్త్రవేత్త... పెద్ద పొరపాట్లు

రిషేను పూజించే ముందు ఆయన ఇంకో ముఖం కూడా చూడాలి. చనిపోయినవాళ్ల ఆత్మలను పిలుస్తామనే వాళ్ల మాటలను ఆయన నిజమేమో అని ఏళ్ల తరబడి పరీక్షించాడు. వాళ్ల ఒంటి నుంచి వస్తుందనే పదార్థానికి ఎక్టోప్లాజమ్ అని పేరు పెట్టింది కూడా ఆయనే. ప్రయోగశాలలో ఒక్క చుక్క తేడా వస్తే పట్టుకునే మనిషి, చీకటి గదిలో మోసాన్ని పట్టుకోలేకపోయాడు.

అంతకన్నా బాధ కలిగించేది ఆయన జాతి భావన. తెల్లవాళ్లు కానివాళ్లు తక్కువ జాతులని నమ్మాడు. బలహీనులకు పిల్లలు పుట్టకూడదని 1919లో వచ్చిన పుస్తకంలో వాదించాడు. ఫ్రెంచ్ యూజెనిక్స్ సొసైటీకి అధ్యక్షుడిగా పనిచేశాడు. ఆయన లెక్కలో మీరూ నేనూ కూడా కింది మెట్టు మీదే ఉంటాం. అనాఫిలాక్సిస్‌ను మనం ఒప్పుకుంటున్నది రిషే చెప్పాడని కాదు, ఎవరు ఎక్కడ చేసి చూసినా అదే ఫలితం వచ్చింది కాబట్టి. ఆయన చెప్పిన మిగతావి అలా నిలబడలేదు. పేరున్న మనిషి చెప్పాడని ఆరోగ్య విషయంలో ఏదైనా నమ్మేవాళ్లు ఈ తేడాను గుర్తు పెట్టుకోవాలి.

గుడ్డు మాత్రతో తిరిగిన దారి

ఇప్పుడు అవ్వ మాటలోని నిజమైన సగానికి వద్దాం. నెప్ట్యూన్ చనిపోయిన ఆరేళ్లకు, 1908లో, ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ షోఫీల్డ్ అనే డాక్టర్ ఒక చిత్రమైన కేసును లాన్సెట్ పత్రికలో రాశాడు. గుడ్డు పడని 13 ఏళ్ల అబ్బాయి అతని దగ్గరికి వచ్చాడు. గుడ్డు ఆనవాలు తగిలినా ఒళ్లు ఉబ్బి ప్రమాదంలో పడేవాడు. షోఫీల్డ్ గుడ్డును మాత్రలుగా చేయించాడు. మొదటి మాత్రలో ఉన్నది గుడ్డులో పదివేలవ వంతు. రోజూ ఇస్తూ, చాలా నిదానంగా పెంచుతూ పోయాడు. కొన్ని నెలలకు ఆ అబ్బాయి గుడ్డు తినగలిగాడు. మూడేళ్ల తర్వాత, 1911లో, లండన్‌లో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి పడనివాళ్లకు అదే పుప్పొడి సారాన్ని సూదితో కొద్దికొద్దిగా ఇచ్చి ఊరట కలిగించాడు.

మరి కుక్క ఎందుకు చనిపోయింది, అబ్బాయి ఎందుకు బాగుపడ్డాడు? ఇద్దరి ఒంటికీ పడనిదాన్నే ఇచ్చారు. తేడా ఎంత ఇచ్చారు, ఎన్నాళ్లకు ఇచ్చారు, ఏ దారిన ఇచ్చారు అన్న మూడింట్లో ఉంది. కుక్కకు సూదితో, ఒంటికి గట్టిగా తెలిసే మోతాదులో, 22 రోజుల ఎడం తర్వాత ఇచ్చారు. అబ్బాయికి నోటి ద్వారా, లెక్కలోకి రానంత తక్కువ మోతాదులో, ఎడం లేకుండా ఇచ్చారు. శరీరం దాన్ని శత్రువుగా గుర్తించి కాపలా మోగించే గీత కంటే కిందే నడిపిస్తూ, ఆ గీతనే మెల్లగా పైకి జరిపారు. ఫుడ్ అలర్జీలో ఓరల్ ఇమ్యునోథెరపీ అంటే ఇదే.

నేటి లెక్క ఎంత సన్నగా ఉంటుందో చూడండి

షోఫీల్డ్ తర్వాత శతాబ్దం దాటాక, 2020 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ వేరుశనగ అలర్జీకి ఒక పొడిని ఆమోదించింది. అప్పట్లో 4 నుంచి 17 ఏళ్ల పిల్లలకు మొదలుపెట్టవచ్చని అనుమతించింది. మొదటి రోజు ఆసుపత్రిలో కూర్చోబెట్టి అర మిల్లీగ్రాము ప్రొటీన్‌తో మొదలుపెడతారు. తర్వాత ఇంట్లో రోజూ 3 మిల్లీగ్రాములు. రెండు వారాలకోసారి ఒక మెట్టు పెంచుతారు, పెంచిన ప్రతిసారీ మొదటి డోసు మళ్లీ డాక్టర్ ఎదుటే. ఇలా 11 మెట్లు, సుమారు 22 వారాలకు 300 మిల్లీగ్రాములకు చేరతారు. 300 మిల్లీగ్రాములంటే ఒక్క బుడ్డలోని ప్రొటీన్ అంతే.

అంటే మొదటి రోజు ఇచ్చేది ఒక బుడ్డలో దాదాపు 600వ వంతు. మీ వంటింట్లో ఏ చెంచాతో దాన్ని కొలుస్తారు? చిటికెడు బుడ్డల పొడి తీసుకున్నా అది ఆ మొదటి డోసుకు వంద రెట్లు దాటిపోవచ్చు. అవ్వ కొంచెమే అనుకున్నది, అలర్జీ ఉన్న బిడ్డ ఒంటికి కొండంత.

ఫలితం ఎలా ఉంది? 2018లో ప్రచురించిన పెద్ద పరీక్షలో, చికిత్స తీసుకున్న పిల్లల్లో 67 శాతం మంది చివరికి 600 మిల్లీగ్రాములు ఒకేసారి తట్టుకోగలిగారు. ఉత్తుత్తి పొడి తీసుకున్నవాళ్లలో 4 శాతమే. అయితే చికిత్స సమయంలో 14 శాతం మంది పిల్లలకు అడ్రినలిన్ ఇవ్వాల్సి వచ్చింది. ఉత్తుత్తి పొడివాళ్లలో అది 6.5 శాతం. లెక్క కట్టి, కొలిచి, డాక్టర్ల మధ్య చేసినా పరిస్థితి ఇది. ఇంట్లో చేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

ఇంకో మాట. ఇది అలర్జీని పూర్తిగా తీసేసే మందు కాదు. పొరపాటున ఒక ముక్క నోట్లోకి వెళ్లినా ప్రాణం నిలవడానికి ఉపయోగపడేది. రోజూ తీసుకుంటూనే ఉండాలి. కొన్నాళ్లు మానేసి మళ్లీ మొదలుపెడితే వచ్చిన రక్షణ తగ్గిపోయి ఉండవచ్చు. జ్వరం వచ్చినప్పుడు, డోసు వేసుకోగానే పరిగెత్తి ఆడినప్పుడు, మామూలుగా తట్టుకునే మోతాదే రియాక్షన్ తేవచ్చు. అందుకే అలర్జీ నిపుణుల పర్యవేక్షణలో తప్ప దీన్ని తలపెట్టకూడదు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఇంకా మామూలుగా చేసే చికిత్స కాదు. 2024 ఫిబ్రవరిలో ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్‌కూ అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఐజీఈని పట్టుకుని, పొరపాటున తిన్నప్పుడు వచ్చే రియాక్షన్ తీవ్రతను తగ్గిస్తుంది.

అన్నప్రాశన నాడు గుర్తుంచుకోవాల్సింది

అలర్జీ వచ్చాక తట్టుకునేలా చేయడం ఒక దారి. అసలు రాకుండా చూడటం ఇంకో దారి. బ్రిటన్‌లో గిడియన్ లాక్ బృందం 2015లో వెలువరించిన అధ్యయనం ఇందులో మైలురాయి. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న, లేదా గుడ్డు పడని 640 మంది పసిపిల్లలను తీసుకున్నారు. వాళ్ల వయసు 4 నుంచి 11 నెలలు. సగం మందికి వేరుశనగ పదార్థాలు వారం వారం పెట్టారు, మిగతా సగానికి ఐదేళ్ల దాకా ముట్టించలేదు. ఐదేళ్లు నిండేసరికి ముట్టించనివాళ్లలో 17.2 శాతం మందికి వేరుశనగ అలర్జీ ఉంది. తిన్నవాళ్లలో 3.2 శాతమే.

దీని వెనుక ఒక ఆలోచన ఉంది. ఎగ్జిమాతో పగిలిన చర్మం గుండా ఆహార ప్రొటీన్ లోపలికి వెళ్తే శరీరం శత్రువుగా చూస్తుంది. పేగు గుండా, సమయానికి వెళ్తే స్నేహంగా చూస్తుంది. మన ఇళ్లకు దీని నుంచి మూడు పాఠాలు.

ఆరు నెలలు నిండి పైతిండి మొదలుపెట్టాక బుడ్డలు, గుడ్డు లాంటివి భయంతో ఏడాది, రెండేళ్ల దాకా వాయిదా వేయకండి. మెత్తగా నూరిన బుడ్డల ముద్దను రాగి జావలోనో, పప్పన్నంలోనో పలుచగా కలిపి పెట్టవచ్చు. గింజలుగా మాత్రం ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వకండి, గొంతులో అడ్డం పడి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

బిడ్డకు ఎగ్జిమా తీవ్రంగా ఉన్నా, గుడ్డుకు రియాక్షన్ వచ్చినా, బుడ్డలు మొదలుపెట్టే ముందు పిల్లల డాక్టర్‌ను కలవండి. ఆ పిల్లల్లోనే ముందుగా పెట్టడం వల్ల లాభం ఎక్కువ, జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి.

చర్మం పగిలి ఎర్రబడిన బిడ్డకు గానుగ ఆడించిన బుడ్డల నూనెతో మర్దనా చేయకండి. గానుగ నూనెలో కొద్దిగా ప్రొటీన్ ఉండిపోతుంది.

పడకపోవడం వేరు, అలర్జీ వేరు

ఇంత చదివాక మీ ఇంట్లో అందరికీ అలర్జీ పరీక్షలు చేయించాలని అనిపిస్తే ఆగండి. పక్కనే ఉన్న కర్ణాటకలో పెద్దవాళ్ల మీద చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రక్త పరీక్షలో ఏదో ఒక ఆహారానికి ఐజీఈ కనిపించినవాళ్లు 26.5 శాతం. నిజంగా తిన్నప్పుడు లక్షణాలు వచ్చి ఫుడ్ అలర్జీ అని అనుమానించదగ్గవాళ్లు 1.2 శాతమే. కాపలాదారులు కూర్చున్నారు అన్నంతమాత్రాన మంట రేగుతుందని కాదు. అందుకే పదుల రకాల ఆహారాలకు ఒకేసారి చేసే అలర్జీ ప్యాకేజీ రిపోర్టు పట్టుకుని వంకాయ, పెరుగు, గోధుమ అన్నీ మానేసినవాళ్లు నీరసపడి మా ఓపీకి వస్తుంటారు. పరీక్ష రిపోర్టు కన్నా మీరు చెప్పే వివరమే మాకు ముఖ్యం. ఏం తిన్నారు, ఎంతసేపటికి ఏమైంది, మళ్లీ తిన్నప్పుడు కూడా అలాగే అయిందా?

పాలు తాగితే కడుపు ఉబ్బరం, విరేచనం కావడం చాలాసార్లు లాక్టోజ్ అరగకపోవడమే. అది ఇబ్బందే కానీ ప్రాణాంతకం కాదు. పాలు, గుడ్డు అలర్జీ ఉన్న పిల్లల్లో చాలామందికి పెద్దయ్యే కొద్దీ అదే తగ్గిపోతుంది. వేరుశనగ అలర్జీ మాత్రం ఐదుగురిలో ఒకరికే తగ్గుతుంది. తగ్గిందో లేదో ఆసుపత్రిలో తినిపించి చూడాలి, ఇంట్లో కాదు.

ఆ 25 నిమిషాలు

నెప్ట్యూన్‌కు దొరికింది 25 నిమిషాలు. మనిషికి కూడా రియాక్షన్ తిన్న కొన్ని నిమిషాల నుంచి రెండు గంటల లోపు మొదలవుతుంది. దద్దుర్లతో పాటు గొంతు బిగుసుకోవడం, గొంతు మారడం, పిల్లికూతలు, ఆగని వాంతులు, కళ్లు తిరగడం, సొమ్మసిల్లడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది అనాఫిలాక్సిస్ అనుకోండి. 108కు ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి. ఊపిరి ఆడకపోతే ఆనించి కూర్చోబెట్టండి. నిలబెట్టి నడిపించవద్దు.

దీనికి మందు అడ్రినలిన్. తొడ బయటి వైపు కండరంలోకి ఇవ్వాలి. కావాలంటే 5 నుంచి 15 నిమిషాల్లో ఇంకోసారి ఇస్తారు. ఎవిల్, డెక్సా ఇంజెక్షన్లతో దురద తగ్గవచ్చు కానీ పడిపోతున్న బీపీని, మూసుకుపోతున్న గొంతును అవి ఆపలేవు. ఊళ్లో ఎవరిచేతనో ఆ సూదులు వేయించి తగ్గిందనుకుని ఇంటికి వెళ్లిపోవద్దు. కొన్ని గంటల తర్వాత రెండో అల రావచ్చు కాబట్టి ఆసుపత్రిలో పరిశీలనలో ఉండాల్సిందే. విదేశాల్లో జేబులో పెట్టుకుని తిరిగే అడ్రినలిన్ పెన్నులు మన దగ్గర సులువుగా దొరకవు. తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్లు ఇంట్లో ఏం పెట్టుకోవాలో, ఎలా వాడాలో డాక్టర్ దగ్గర ముందే నేర్చుకోండి.

ఇంకో పని ఈ వారంలోనే చేయవచ్చు. ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనంతో పాటు గుడ్డు, బుడ్డల చిక్కీ కూడా పెడుతున్నారు. రక్తం తక్కువున్న మన పిల్లలకు అది మంచి తిండి. మీ బిడ్డకు వాటిలో ఏదైనా నిజంగా పడకపోతే టీచరుకు, వంట చేసే అక్కకు చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వండి. స్నేహితుడి చిక్కీలో సగం పంచుకోవద్దని బిడ్డకూ చెప్పండి.

రిషే 1925లో ఉద్యోగ విరమణ చేసి, 1935 డిసెంబరు 4న పారిస్‌లో కన్నుమూశాడు. ఆయన కొడుకు, మనవడు కూడా వైద్యంలో ప్రొఫెసర్లయ్యారు. మనవడు గాబ్రియెల్ కిడ్నీ వైద్యంలో పేరు తెచ్చుకున్నాడు. రిషే నౌక ఎక్కిన 1901 ప్రాంతంలోనే, అమెరికాలో జోకిచి తకమినే అనే జపాన్ శాస్త్రవేత్త అడ్రినలిన్‌ను స్ఫటికాలుగా వేరు చేశాడు. ఆ ప్రమాదాన్నీ, దాని మందునూ సముద్రానికి చెరో వైపున ఒకే కాలంలో కనుక్కున్నారన్నమాట. ఈసారి ఏ ఆసుపత్రికి ఏ జబ్బుతో వెళ్లినా, ఇంతకు ముందు ఏ మందుకైనా, ఏ తిండికైనా మీ ఒళ్లు తిరగబడి ఉంటే, డాక్టర్ అడిగేదాకా ఆగకుండా మీరే ముందు చెప్పండి. రెండోసారిని ఆపడానికి మాకు పనికొచ్చేది ఆ మొదటిసారి వివరమే.